ఏ జాబితాలో వెయ్యాలి సార్? – కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మీ కార్యాలయానికి రెండు, యూజీసీకి (విశ్వవిద్యాలయాల నిధుల సంఘానికి) ఒకటి, మొత్తం మూడు వినతిపత్రాలు పంపాను. పోర్టల్‌లో మూడింటికీ ‘పరిష్కరించబడింది’ అని పడింది. ఏం పరిష్కారమైందో నాకు మాత్రం తెలియలేదు. అందుకే ఇలా నలుగురిలో రాస్తున్నాను.

నేనొక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆంధ్రలో కౌలు రైతులు, మార్క్స్ చెప్పిన భూమి కౌలు సిద్ధాంతం నా అంశం. నా పరిశోధన పేపర్ కేర్ జాబితాలో, అంటే యూజీసీ ఆమోదించిన పరిశోధన పత్రికల జాబితాలో, ఉన్న పత్రికలోనే పడాలన్నారు మా విశ్వవిద్యాలయం వాళ్లు. పంపి పద్నాలుగు నెలలు కాచుకున్నాను. తీరా అది అచ్చయ్యేసరికి, 2025 ఫిబ్రవరిలో మీరు జాబితానే ఎత్తేశారు. మంచిదే, దానిమీద నాకూ ప్రేమేం లేదు. మిగతాది విశ్వవిద్యాలయాలు చూసుకుంటాయన్నారు. మావాళ్లు చూసుకున్నారు సార్! ఇప్పుడు స్కోపస్ అనే అంతర్జాతీయ సూచీలో ఉన్న పత్రికే కావాలంటున్నారు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో పేపర్ తప్పనిసరి అన్న షరతే తీసేశారు కదా అంటే, “యూజీసీ తీసేసింది, మనం తియ్యలేదు” అన్నారు.

స్కోపస్ ఎల్సెవియర్ కంపెనీది. పత్రికలు అమ్ముకునే కంపెనీయే ఏ పత్రిక లెక్కకొస్తుందో కూడా చెబుతుందన్నమాట. పోనీ మా వామపక్ష అర్థశాస్త్రానికి వేరే దారుందా? మా పత్రికల్లో ‘క్యాపిటల్ అండ్ క్లాస్’ సేజ్ అనే ప్రచురణ కంపెనీ చేతిలో ఉంది, ‘జర్నల్ ఆఫ్ పెజెంట్ స్టడీస్’ టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే మరో కంపెనీ చేతిలో ఉంది. పెట్టుబడిని తిట్టాలన్నా పెట్టుబడిదారు గుమ్మంలోనే నిలబడాలి.

నేను సర్వే చేసిన ఊళ్లో కౌలు రైతుకు సాగు హక్కు కార్డు రాలేదు. రాష్ట్ర పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) ప్రకారం భూయజమాని సంతకం కావాలి, ఆయన పెట్టడు. ఆ రైతు గోడు రాసిన పేపర్‌కి నేను మాత్రం గట్టిగా సంతకం పెట్టాను, కాపీరైట్ మొత్తం ప్రచురణకర్తకు రాసిచ్చేస్తూ. రాసినందుకు నాకు పైసా రాలేదు. దిద్దిపెట్టిన ఇద్దరు ప్రొఫెసర్లకూ రాలేదు. మా జీతాలూ ఫెలోషిప్పులూ ప్రజల డబ్బే. ఇలా తయారైన సరుకును మళ్లీ మాకే చదివించడానికి ‘ఒకే దేశం ఒకే చందా’ అనే కేంద్ర పథకం కింద 30 ప్రచురణ సంస్థలకు మూడేళ్లకు 6,000 కోట్లు. దున్నేదీ మేమే, కౌలు కట్టేదీ మేమే. నా థీసిస్‌లో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు, కానీ ఇది రాస్తే గైడ్ గారు కొట్టేస్తారు.

అదే పేపర్‌ను తెలుగులో రాసి ఒక మాసపత్రికకు ఇచ్చాను. ఊళ్లో రైతులు చదివించుకుని విన్నారు. ఒకాయన ఫోన్ చేసి, కౌలు బస్తాల లెక్క తప్పు రాశానని సరిచేశాడు కూడా. ఇంతకుమించిన సమీక్ష నాకెక్కడా జరగలేదు. మావాళ్ల లెక్కలో దానికి సున్నా. జాతీయ విద్యా విధానంలో మాతృభాష గురించి మీరు రాసింది చదివి మురిసిపోయినవాణ్ని సార్ నేను.

దయచేసి ఏదో ఒకటి తేల్చండి. ఏ పత్రిక చెల్లుతుందో, ఏది చెల్లదో ఒక్క సర్క్యులర్ ఇప్పించండి. తెలుగులో రాసింది చెల్లుతుందో లేదో చెప్పండి. జాబితా ఉన్నప్పుడు వేసిన పేపర్లనైనా ఒప్పుకోమనండి. అక్టోబరులో నా ఫెలోషిప్ అయిపోతుంది, ఇంట్లో అడిగితే చెప్పే సమాధానం లేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

నాలుగో వినతిపత్రం కూడా పోర్టల్‌లో పెట్టాను. ఈసారి చదివాకే ‘పరిష్కరించబడింది’ అని నొక్కమని మీ సిబ్బందికి చెప్పగలరు.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి