చిన్నవాడి పాల గురించి అమ్మాయికి

కావలి,
మే మొదటి వారం

అమ్మలూ,

ఆశీస్సులు. మేమిద్దరం ఇక్కడ క్షేమం. కనిగిరిలో మీ అత్తయ్యగారు, మామయ్యగారు, అల్లుడుగారు, చిన్నవాడు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఫోనులో నువ్వు, "నాన్నా, చిన్నవాడితో అమెరికా వెళ్ళేటప్పుడు విమానంలో పాలు ఎన్ని గంటలు విరగకుండా ఉంటాయి?" అని అడిగావు. అంతలో మీ అమ్మ ఫోను తీసుకోవడంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది. అది ఒక్క మాటలో తేలే విషయం కూడా కాదు. ఉద్యోగమంతా పాల శీతలీకరణ కేంద్రంలోనే చేశాను కనుక ఇంతకంటే బాగా తెలిసిన సంగతి నాకు మరొకటి లేదు. అందుకే వివరంగా రాస్తున్నాను. ప్రయాణం రోజు దాకా ఈ ఉత్తరం దగ్గర పెట్టుకో.

నువ్వు విమానంలో గడిచే గంటలే లెక్కపెడుతున్నావు. పాలకు మాత్రం లెక్క మన గుమ్మం దాటగానే మొదలవుతుంది. కావలి నుంచి చెన్నై విమానాశ్రయానికి కారులో సుమారు 5 గంటలు. అక్కడ 3 గంటల ముందు ఉండాలి. దోహాకు దాదాపు 5 గంటలు. దోహాలో రెండో విమానం కోసం ఆగేది 4 గంటలు. అక్కడి నుంచి డాలస్‌కు ఇంచుమించు 16 గంటలు. అన్నీ కలిపితే 33 గంటలు. అదీ రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండల్లో. ఇంత దూరం ఒకే ఫ్లాస్కులో పోసిన పాలు నిలుస్తాయని ఆశపడవద్దు. దారిని ముక్కలుగా చేసుకుని, ఏ ముక్కకు ఏ పాలు అని ముందే నిర్ణయించుకోవాలి.

అంతకుముందు నీకు తెలియవలసింది ఒకటుంది. ఫ్లాస్కు గానీ, ఐసు సంచి గానీ పాలను చల్లబరచవు. మనం ఇంట్లో ఇచ్చిన చల్లదనాన్ని కాపాడతాయి, అంతే. మా కేంద్రానికి ఊళ్ళ నుంచి 40 లీటర్ల క్యాన్లలో పాలు వచ్చేవి. గేదె పొదుగులోంచి వచ్చిన పాలకు దాని ఒంటి వేడే ఉంటుంది. వాటిని వెంటనే 4 డిగ్రీలకు దించి, ఆ తర్వాతే ట్యాంకరులోకి ఎక్కించేవాళ్ళం. ఆ ట్యాంకరులో చల్లబరిచే యంత్రమేదీ ఉండదు. రెండు పొరల తొట్టి, ఆ పొరల మధ్య వేడిని లోపలికి రానీయని దట్టమైన దిండు. అయినా ఎర్రటి ఎండలో గంటల తరబడి వెళ్ళి, ఒకటి రెండు డిగ్రీలకు మించి వేడెక్కకుండా చేరేది. మొదటే బాగా చల్లబడ్డాయి, తొట్టి నిండుగా ఉంది, దారిలో ఎవరూ మూత తీయలేదు కాబట్టి. నీ అర లీటరు ఫ్లాస్కుకు కూడా ఈ మూడే సూత్రాలు. కాకపోతే పాలు తక్కువైన కొద్దీ త్వరగా వేడెక్కుతాయి కనుక నీకు ఇంకాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి.

మీ అత్తయ్యగారు పాలు కాచి, చక్కెర వేసి, వేడివేడిగా ఫ్లాస్కులో పోసి ఇస్తామన్నారని చెప్పావు. ఆవిడ ప్రేమ నాకు తెలుసు. మనవడి కోసం ఇంట్లో గేదెను విడిగా చూసుకుంటున్నారు. ఆవిడ మనసు నొచ్చుకోకుండా, నా మాటగా ఇలా చెప్పు. పాలలో సూక్ష్మజీవులు పెరిగేది సుమారు 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య. కాచినప్పుడు చాలా వరకు చస్తాయి, కానీ కాచినా చావని బీజాలు కొన్ని మిగులుతాయి. ఫ్లాస్కులో వేడి పాలు గంటలు గడిచేకొద్దీ 60 డిగ్రీల కిందికి దిగి, గోరువెచ్చగా మారి, అక్కడే చాలాసేపు ఉండిపోతాయి. పెరుగు తోడు పెట్టడానికి మనం ఎంచుకునేది ఆ గోరువెచ్చదనాన్నే కదా! తోడుకు ఏది హితమో చెడ్డ జీవులకూ అదే హితం. అనువైన వేడిలో 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపయ్యే రకాలున్నాయి. ఆ లెక్కన ఒక్కటి 4 గంటల్లో నాలుగు వేలు దాటుతుంది. కాబట్టి పాలు కాచడం సరైనదే. కాచిన వెంటనే గిన్నెను చల్లటి నీళ్ళ తొట్టిలో పెట్టి, గరిటెతో తిప్పుతూ వేడి దించి, ఆపైన ఫ్రిజ్‌లో లోపలి అరలో రాత్రంతా ఉంచాలి. తలుపు అర వద్దు, తీసినప్పుడల్లా అక్కడికి బయటి వేడి తగులుతుంది. చక్కెర వేయకుండా ఉంటేనే మేలు.

ఇక ఎన్ని పాలు కావాలి? చిన్నవాడికి ఏడాదిన్నర దాటింది, అన్నం, ఇడ్లీ, అరటిపండు తింటున్నాడు. ఆ వయసు పిల్లలకు రోజుకు అర లీటరు, కాస్త అటూ ఇటూగా పాలు చాలు. పూటకు 150 మిల్లీలీటర్లు అనుకో. దోహా దాకా మూడు పూటలు. అర లీటరు స్టీలు ఫ్లాస్కు సరిపోతుంది. మీ అమ్మ అలమరలోంచి తీసి తోముతున్న ఆ పెద్ద ఫ్లాస్కు వద్దు. సగం ఖాళీగా ఉన్న ఫ్లాస్కులో చల్లదనం త్వరగా పోతుంది.

కారు ప్రయాణానికి నేను కొత్త థర్మోకోల్ పెట్టె తెస్తాను. మన జిల్లా రొయ్యలు ఇలాంటి పెట్టెల్లోనే కదా చెన్నై చేరేది. వాళ్ళు సర్దే పద్ధతి చూస్తే అడుగున ఐసు, మధ్యలో సరుకు, పైన మళ్ళీ ఐసు. చల్లగాలి బరువు, కిందికి దిగుతుంది. అందుకే పైన వేసిన ఐసు ఎక్కువ పని చేస్తుంది. మనమూ అలాగే సర్దుదాం. ఐసు మన ఫ్రిజ్‌లో తయారైనదే వాడదాం. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీల వేడి కావాలి, ఆ కరిగేంతసేపూ అది సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. రెండు కిలోల ఐసు ఉంటే చెన్నై దాకా బెంగ లేదు. పెట్టెను డిక్కీలో పెట్టనివ్వను, ఏసీ తగిలేలా కాళ్ళ దగ్గరే ఉంచుదాం. నాయుడుపేట దగ్గర టిఫినుకు ఆగితే, దాన్ని ఎండలో మూసిన కారులో వదలకుండా మనతోనే హోటల్లోకి తీసుకెళ్దాం. ఎవరు నవ్వినా సరే.

ఫ్లాస్కును బయలుదేరే ముందు అరగంట పాటు ఐసు నీళ్ళతో నింపి ఉంచు. అది ముందే చల్లబడకపోతే పాలలోని చల్లదనాన్ని అదే పీల్చేసుకుంటుంది. ఆ నీళ్ళు పారబోసి, ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు మూతి దాకా పోసి, బిగించి, పెట్టెలో ఐసు మధ్య పెట్టేద్దాం. దారిలో తాగే పాలు వేరే చిన్న సీసాలో, అదే పెట్టెలో ఉంటాయి. అంటే ఈ 5 గంటలూ ఫ్లాస్కు మూత తీసే పనే ఉండదు. చెన్నైలో నువ్వు దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు కూడా ఇంట్లో ఉన్నంత చల్లగా ఉంటుంది. అక్కడి నుంచి దోహాకు 8 గంటలు. ఆ మాత్రం సమయం మంచి ఫ్లాస్కు కాపాడుతుంది. పెట్టెను నేను వెనక్కు తెచ్చేస్తాను.

తనిఖీ దగ్గర భయపడకు. అంతర్జాతీయ విమానాల్లో చేతి సంచిలోని ద్రవాలకు 100 మిల్లీలీటర్ల హద్దు ఉన్నా, పిల్లవాడికి ప్రయాణంలో అవసరమైన పాలకు మినహాయింపు ఉంది. వరుసలో నీ వంతు రాగానే, వాళ్ళు అడగక ముందే, "బాబు పాలు ఉన్నాయి" అని చెప్పి ఫ్లాస్కును సంచిలోంచి తీసి విడిగా ట్రేలో పెట్టు. మూత తీసి చూపమంటే చూపించి, వెంటనే బిగించు. దోహాలోనూ మళ్ళీ తనిఖీ ఉంటుంది. జెల్ ప్యాకులు పెట్టుకోవాలనుకుంటే రాయిలా గడ్డకట్టినవే పెట్టుకో. కరిగి జావగా మారితే కొన్నిచోట్ల వాటిని ద్రవం కింద లెక్కగట్టి పేచీ పెడతారు. నా మటుకు నాకు ఒక జిప్ సంచి చాలనిపిస్తుంది. విమానం ఎక్కాక సిబ్బందిని అడిగితే ఐసు ముక్కలు ఇస్తారు, సంచిలో వేసి ఫ్లాస్కుకు ఆనించి ఉంచు. ఆ ఐసు బయటే ఉండాలి, పాలలో మాత్రం వేయవద్దు. పాలు వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టమని అడిగితే చాలాసార్లు కుదరదంటారు. దాని మీద ఆధారపడకు.

అల్లుడుగారు డ్రై ఐస్ సంగతి అడిగారట. అది సున్నాకు 78 డిగ్రీల కింద ఉంటుంది. పాలు గడ్డకట్టిపోతాయి, చేయి తగిలితే చర్మం కాలుతుంది, దానిలోంచి వచ్చేది బొగ్గుపులుసు వాయువు. విమానంలో రెండున్నర కిలోలకు మించకూడదు, ముందుగా అనుమతి కూడా తీసుకోవాలి. పసివాడు కూర్చునే చోట అది ఉండనే వద్దు. నేను చెప్పానని చెప్పు.

దోహా దాటాక మన గేదె పాలు మరిచిపో. అక్కడి నుంచి టెట్రా ప్యాకెట్లే. పాలను 135 డిగ్రీలకు పైగా కొద్ది సెకన్లు వేడి చేసి, సూక్ష్మజీవులు లేని ప్యాకెట్లో గాలి తగలకుండా మూస్తారు. విప్పేదాకా ఐసు అక్కరలేదు. వాటిలో ఏదో మందు కలుపుతారని మీ అత్తయ్యగారు అనుకుంటున్నారేమో, ఆ అవసరమే లేదు. పని చేసేది వేడీ, గట్టి మూతా. ప్యాకెట్టు విప్పిన క్షణం నుంచి మాత్రం అవీ మామూలు పాలే. అందుకే పెద్ద ప్యాకెట్టు కాకుండా 200 మిల్లీలీటర్లవి కొందాం. బాదం, చాక్లెట్ రుచులవి వద్దు. రెండేళ్ళు నిండని పిల్లలకు వెన్న తీయని పాలే పట్టాలి కనుక టోన్డ్ అని రాసినవీ వద్దు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది, తల్లీ. వాడు రెండు నెలలుగా చిక్కటి గేదె పాలకు అలవాటు పడ్డాడు. టెట్రా పాలకు కాస్త కాగిన వాసన ఉంటుంది, పలచన కూడా. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున మొదటిసారి ఇస్తే మొహం తిప్పుకుంటాడు. నువ్వు కంగారుపడతావు, వాడు ఏడుస్తాడు. కనుక ఈ వారం నుంచే గ్లాసులో పావు వంతు ఆ పాలు కలుపు. మూడు నాలుగు రోజులకొకసారి వంతు పెంచు. బయలుదేరే నాటికి పూర్తిగా అవే తాగగలిగితే నీ బరువు సగం దిగినట్టే. చల్లగా తాగడం కూడా ఇప్పుడే అలవాటు చెయ్యి. వెచ్చబెట్టి తీరాలన్న నియమం లేదు. మరీ మారాం చేస్తే వేడినీళ్ళ కప్పులో సీసాను నిమిషం ఉంచితే చాలు.

వాడు ఎంగిలి చేసి మిగిల్చిన పాలు మళ్ళీ ఫ్లాస్కులో పోయకు, తర్వాత ఇద్దామని దాచకు. పాలు పారబోయడం పాపమని మనవాళ్ళకు పట్టింపు. నాకూ ప్రాణం ఒప్పదు. అందుకే పారబోసే పరిస్థితి రాకుండా, అడిగినప్పుడల్లా సగం సగం పొయ్యి. చల్లదనం పోయిన పాలు మామూలు గదిలో 2 గంటలు, ఈ ఎండలో గంట. ఆపైన వాసన బాగానే ఉన్నా పట్టవద్దు. జబ్బు చేసే జీవులన్నీ పాలను విరగ్గొట్టవు, పులిసిన వాసనా రానివ్వవు. ముక్కును కాదు, గడియారాన్ని నమ్ము.

విమానం కిందికి దిగడం మొదలయ్యేసరికి ఒక పూట పాలు చేతిలో సిద్ధంగా ఉండాలి. చెవులు దిబ్బడ వేసినప్పుడు గుటక వేస్తే తెరుచుకుంటాయి, పిల్లలకు ఆ నొప్పి తగ్గేది అలాగే. అప్పటికి బెల్టులు బిగించుకోవాలి, సిబ్బంది కూడా కూర్చుంటారు, పైన పెట్టిన సంచి తీయడానికి వీలుండదు. డాలస్‌లో దిగేటప్పుడు మన పాలచుక్క కూడా మిగలకుండా చూసుకో. ఏదైనా మిగిలితే దాచకుండా కస్టమ్స్ అధికారికి చెప్పు. మన పశువుల్లో గాలికుంటు అనే అంటురోగం ఉంది, అమెరికాలో 1929 తర్వాత అది లేదు. వాళ్ళ జాగ్రత్తకు కారణం ఉంది. గాలికుంటు వచ్చిన పాడి ఇంటి బాధ ఎలా ఉంటుందో మన ఊళ్ళవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నువ్వు ఇరవయ్యో తేదీకల్లా కావలి వచ్చేస్తే ఒకసారి పరీక్ష చేద్దాం. పొద్దున 4 డిగ్రీల పాలు ఫ్లాస్కులో పోసి, సాయంత్రం దాకా వరండాలో ఉంచి, నా డిజిటల్ థర్మామీటరుతో చూద్దాం. 7 డిగ్రీలు దాటితే అది పక్కన పెట్టి వేరేది కొంటాను. ఈలోగా రెండు మూడు రకాల టెట్రా ప్యాకెట్లు తెచ్చి ఉంచుతాను, వాడికి ఏది నచ్చుతుందో చూద్దువుగాని. ఫ్లాస్కు మూతకున్న రబ్బరు వాషర్ సరిగా ఉందో లేదో ఈ పూటే చూసి ఫోను చెయ్యి.

అందరికీ నా నమస్కారాలు చెప్పు. చిన్నవాడికి ముద్దులు.

మీ నాన్న