ఆరు నెలలు జీతం లేకుండా ఎవరు బతకగలరు?

సంపాదకులకు నమస్కారం.

మా వీధి అమ్మాయి మొన్న ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) మంచి మార్కులతో పాసైంది. ఒక అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ హైదరాబాద్ ఆఫీసుకు ఇంటర్న్‌లు కావాలన్న ప్రకటన చూపించింది. ఆరు నెలలు, వారానికి ఐదు రోజులు పని. సొంత లాప్‌టాప్ ఉండాలి, పల్లెలు తిరగాలి. స్టైపెండ్ లేదు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తాం అని అడుగున ఒక ముక్క. ‘‘చేరేదా అక్కా? ఆర్నెల్లు హాస్టల్ డబ్బులు నాయనను ఎట్ల అడిగేది?’’ అంది. నాకు వెంటనే జవాబు రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

విదేశీ నిధులతో నడిచే ఒక సంస్థలో నేను పన్నెండేళ్లు ఫీల్డులో పనిచేశాను. ఇలాంటి సంస్థల విలువ అనంతపురం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1969లో ఆర్డీటీ సంస్థ స్థాపకుడు విన్సెంట్ ఫెర్రర్ ఈ కరువు నేలకు వచ్చినప్పటి నుంచి కట్టిన ఇళ్లు, బళ్లు, ఆస్పత్రులు మా కళ్ల ముందే ఉన్నాయి. ఎన్జీవోలంటే గిట్టక రాయడం లేదు. ఆ పని నా పని కాబట్టే రాస్తున్నాను.

ఒక సర్వే సంగతి చెప్పాలి. ఇంటింటికీ తిరిగి తిండి గురించి అడిగే ఫారం అది. ‘గత నెలలో మీ ఇంట్లో ఎవరైనా డబ్బు లేక ఒక పూట భోజనం మానేశారా?’ అన్నది ఒక ప్రశ్న. నగరం నుంచి వచ్చిన ఇంటర్న్ దాన్ని ఉన్నదున్నట్టు చదివాడు. మంచి కుర్రాడు, కష్టపడేవాడు. ఆ ఇంటామె ‘‘లేదు సార్’’ అంది. ట్యాబ్‌లో ‘లేదు’ నొక్కాడు. పక్క మండలం నుంచి వచ్చిన ఇంకో ఇంటర్న్, వేరుశనగ రైతు కూతురు, అరుగు మీద ఆమె పక్కనే కూర్చుని, ‘‘సంగటి అందరికీ చాలని రోజు ఎవరు తినకుండా పండుకుంటారు పెద్దమ్మా?’’ అని అడిగింది. ‘‘ఇంకెవరు, నేనే’’ అంది ఆమె. ‘‘మొన్న వారంలో రెండు రోజులు.’’

ఆ పిల్ల మూడో నెలలో మానేసింది. బస్సు దిగాక ఊళ్లోకి ఆటోకు పోను నలభై, రాను నలభై. ఆ డబ్బు బిల్లులు పెట్టాక నెలాఖరుకు వచ్చేది, ఒక్కోసారి పై నెలకు. ఆటోవాళ్లు బిల్లు ఇవ్వరు కదా, చిత్తు కాగితం మీద తేదీ, ఊరు పేరు రాసి సంతకం పెట్టించుకుని, వాటిని ఫోన్ కవర్లో దాచుకునేది. గది అద్దె కట్టలేక పెనుకొండ వైపు ఒక ఫ్యాక్టరీలో చేరిపోయింది. కుర్రాడు ఆరు నెలలూ ఉన్నాడు, సర్టిఫికెట్ తీసుకున్నాడు, పై చదువుకు విదేశం వెళ్లాడు. అతని తప్పేమీ లేదు. కానీ రేపు ఇలాంటి సంస్థల్లో ప్రోగ్రాం మేనేజర్ అయ్యేది అతనే. ఆకలి గురించి ఎలా అడగాలో తెలిసిన పిల్ల అయ్యే దారి మాత్రం మూడో నెలలోనే మూసుకుపోయింది.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. 2015లో ఐక్యరాజ్యసమితిలో ఇంటర్న్‌గా చేరిన 22 ఏళ్ల న్యూజిలాండ్ కుర్రాడు జెనీవాలో అద్దె కట్టలేక గుడారంలో పడుకున్న వార్త ప్రపంచమంతా చదివింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇస్తోంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంతకుముందు నుంచే ఇస్తోంది. మన కేంద్ర ప్రభుత్వం 2024లో పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ పథకం పెట్టినప్పుడు నెలకు 5,000 రూపాయలు ఇస్తామంది. అది చాలుతుందా అన్నది వేరే మాట, ఊరికే చేయించుకోకూడదని అయినా ఒప్పుకున్నారు. పేదరికం పోగొడతామని బోర్డు పెట్టుకున్న సంస్థలకు ఆ మాత్రం తోచదా?

అడిగితే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, అడ్డు అంటారు. 2020 సవరణతో విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గిన మాట నిజమే, చిన్న సంస్థలకు అది చాలా ఇబ్బంది పెట్టింది కూడా. కానీ ఆస్పత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం పరిపాలన ఖర్చు కిందికి రావు. మరి పల్లెలో పొద్దంతా తిరిగే ఇంటర్న్‌కు ఇచ్చేది ఆఫీసు ఖర్చు ఎలా అవుతుంది?

ఉద్యోగుల సంగతీ అంతే. ఫీల్డువాళ్లకు పదకొండు నెలల కాంట్రాక్టు, అందులో ‘కన్సల్టెంట్’ అన్న పేరు. ఫీజు కింద ఇచ్చే డబ్బులో పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోత. పీఎఫ్ లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ రావాలి. కన్సల్టెంట్ అని రాస్తే అదీ లేదు. నిధి ఆగితే ముందు వీధిన పడేదీ వీళ్లే. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేయగానే హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్ మూతపడింది.

నేను జీతం పెంచమని అడిగిన రోజు మా పైఅధికారి, ‘‘మనది సేవ కదమ్మా’’ అన్నారు. ఆయన కారులో వచ్చారు. నేను మాట్లాడలేక ఊరుకున్నాను. ఇప్పుడు మాట్లాడుతున్నాను.

దాతలు ప్రాజెక్టు బడ్జెట్‌లోనే ఇంటర్న్ స్టైపెండ్‌కు ఒక పద్దు పెట్టమనాలి, లేకపోతే నిధి ఇవ్వకూడదు. బస్సు, ఆటో డబ్బు ముందుగా చేతికివ్వాలి. స్టైపెండ్ ఇవ్వని చోటికి విశ్వవిద్యాలయాల సోషల్ వర్క్ విభాగాలు నెలల తరబడి పిల్లల్ని పంపకూడదు. కన్సల్టెంట్ పేరుతో ఏళ్లకేళ్లు పనిచేయించుకుంటున్న సంస్థల రిజిస్టర్లు కార్మిక శాఖ ఒకసారి తెరిచి చూడాలి.

ఆ ప్రకటనకు ఈ నెలాఖరు దాకా గడువుంది. ఆ సంస్థవాళ్లు మీ పత్రిక చదివితే, స్టైపెండ్ లేదన్న ఆ ముక్క తీసేసి ప్రకటన మళ్లీ ఇవ్వమని నా మనవి. మా వీధి అమ్మాయి దరఖాస్తు రాసి పెట్టుకుంది.

– ఒక మాజీ ఫీల్డ్ కోఆర్డినేటర్,
కదిరి, శ్రీ సత్యసాయి జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)