గోల్ఫ్ జీటీఐ, మినీ కూపర్ ఎస్: పరుగులో తేడా ఎంత?

మిత్రులారా, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, మినీ కూపర్ ఎస్ కార్లలో ఏది ముందు పరుగెత్తుతుందన్న నిన్నటి వాదనకు కంపెనీల అంకెలే సమాధానం. నిలిచిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి గోల్ఫ్ జీటీఐకి 5.9 సెకన్లు, మూడు తలుపుల కూపర్ ఎస్‌కు 6.6 సెకన్లు పడుతుంది. 0.7 సెకనే కదా అని తీసిపారేయకండి. ఇద్దరూ ఒకేసారి బయలుదేరి, వేగం సమంగా పెరిగిందనుకుంటే, గోల్ఫ్ వంద అందుకునే సరికి మినీ సుమారు ఎనిమిదిన్నర మీటర్లు వెనకబడి ఉంటుంది. అంటే రెండు గోల్ఫ్ కార్ల పొడవు!

కారణం ఇంజిన్‌లో ఉంది. రెండూ 2 లీటర్ల టర్బో పెట్రోలే అయినా గోల్ఫ్‌ది 265 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత), 370 ఎన్ఎం (టార్క్, అంటే తిప్పే బలం); మినీది 204 పీఎస్, 300 ఎన్ఎం. రెండింటికీ శక్తి అందేది ముందు చక్రాలకే కాబట్టి, తడి రోడ్డు మీద ఈ తేడా చాలావరకు టైర్ల పట్టులోనే కరిగిపోతుంది.

గరిష్ఠ వేగం గోల్ఫ్‌కు 250, మినీకి 242. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120 కాబట్టి ఆ గొడవ వదిలేయండి. నా ఓటు మాత్రం గోల్ఫ్‌కే, డబ్బు ఎవరైనా ఇస్తే.