శనివారం గ్ముండ్ పోర్షే మ్యూజియం ప్రయాణం

అందరికీ నమస్కారం 🙏 శనివారం ఉదయం 8:45కల్లా స్పిట్టాల్ రైల్వే స్టేషన్ బయట ఉండండి. అక్కణ్నుంచి గ్ముండ్‌కి బస్సు.

ఈ చిన్న ఆస్ట్రియా పట్టణంలోని షెడ్లలోనే 1948లో పోర్షే 356 కారు పుట్టింది. లోపల కారు బాడీ చెక్క అచ్చు దగ్గర కాసేపు ఆగండి. అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి వంచి, దానిమీద పెట్టి ఆకారం సరిచూసేవారు. చేతిపని కాబట్టి ఏ రెండు బాడీలూ అచ్చంగా ఒకేలా ఉండవు. అద్భుతమైన పనితనం!

బ్యాగులు ముందుకు వేసుకోండి. వీపున ఉంటే వెనక్కి తిరిగినప్పుడు జిప్పు తగిలి పెయింట్ గీసుకుపోతుంది. ఫ్లాష్ వద్దు, మెరిసే పెయింట్ మీద తెల్లమచ్చ పడి ఫొటో పాడవుతుంది.

చిల్లర యూరోలు తెచ్చుకోండి. దిగగానే తిరుగు బస్సుల టైములు ఫొటో తీసుకోండి, శని ఆదివారాల్లో బస్సులు తక్కువ.

వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి. పిల్లల పేర్లూ, వయసూ మర్చిపోకండి.