ఓడిన పార్టీ చేతిలోనే తాళంచెవులు

సంపాదకులకు నమస్కారం.

ఎక్కడ స్థానిక ఎన్నికలు జరిగినా, అధికార పార్టీ ఓడిపోతే మర్నాటి పేపర్లో రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి. హెడ్డింగులో "ఎదురుదెబ్బ" అని ఉంటుంది. లోపల ఆ పార్టీ నాయకుడు "ఇవి స్థానిక అంశాల మీద జరిగిన ఎన్నికలు, ప్రభుత్వం మీద తీర్పు కాదు" అంటాడు. ఇంకో రోజు ఓట్ల శాతాల లెక్కలు వస్తాయి. పెద్ద ఎన్నికలకి ఇది సెమీఫైనలా కాదా అన్న చర్చ నడుస్తుంది. మూడో రోజుకి వార్త చల్లారిపోతుంది. నాకు టెన్షన్ మొదలయ్యేది ఆ మూడో రోజు నుంచే.

ఎందుకంటే ఆ పార్టీ ఓడింది కౌన్సిల్లో, అంటే నగరాన్నో ఊరినో నడిపే స్థానిక సంస్థలో మాత్రమే. పైన ప్రభుత్వం ఇంకా దానిదే. కౌన్సిల్‌కి రావాల్సిన గ్రాంటు, అప్పు తెచ్చుకోడానికి అనుమతి, ఏ పన్ను ఎవరు వసూలు చేసుకోవాలన్న చట్టం, చాలా దేశాల్లో అసలు ఆ కౌన్సిల్ ఉండాలా వద్దా అన్న నిర్ణయం కూడా పై ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి. జనం ఎవరిని ఓడించారో, గెలిచినవాళ్లు వెళ్లి వాళ్ల ముందే చెయ్యి చాచాలి. అప్పుడు ఆ ప్రభుత్వం ఎలా ప్రవర్తిస్తుందో పేపర్లు రాయాలన్నది నా మనవి.

లండన్ సంగతే చూడండి. 1981 మే నెలలో గ్రేటర్ లండన్ కౌన్సిల్‌ని లేబర్ పార్టీ గెలుచుకుంది. కెన్ లివింగ్‌స్టన్ నాయకుడయ్యాడు. దేశాన్ని పాలిస్తున్నది ప్రత్యర్థి కన్జర్వేటివ్ పార్టీ ప్రధాని మార్గరెట్ థాచర్. థేమ్స్ నదికి ఇవతల పార్లమెంటు, అవతలి ఒడ్డున కౌన్సిల్ భవనం. ఆ భవనం మీద నగరంలో ఎంతమంది నిరుద్యోగులున్నారో ఆ అంకెని పెద్ద బోర్డు మీద రాసి, పార్లమెంటుకి కనబడేలా పెట్టారు. బస్సు, రైలు చార్జీలు తగ్గించారు. ఆ తగ్గింపుని కోర్టు కొట్టేసింది. 1984లో రవాణా వ్యవస్థనే ప్రభుత్వం తీసేసుకుంది. చివరికి 1985లో చట్టం చేసి, 1986 మార్చి 31తో ఆ కౌన్సిల్‌నే రద్దు చేసింది. ఇతర మహానగరాల్లో ఉన్న ఆరు కౌంటీ కౌన్సిళ్లు కూడా దానితో పాటే పోయాయి. అవీ ప్రతిపక్షం చేతిలో ఉన్నవే.

థాచర్ పక్షం వాదన కూడా చెప్పాలి. అది అనవసరమైన అంచె, దండగ ఖర్చు అన్నారు. రద్దు చేస్తామని 1983 మేనిఫెస్టోలో ముందే రాసి, ఆ ఎన్నికల్లో గెలిచారు. దొంగచాటుగా చేసిన పని కాదు. అయినా నేను దాన్ని సమర్థించలేను. అంత పెద్ద నగరానికి మొత్తంగా బాధ్యత వహించే, జనం ఎన్నుకున్న సంస్థ 14 ఏళ్ల పాటు లేకుండా పోయింది. 2000లో మేయర్ పదవి పెట్టి ఎన్నిక జరిపితే, లండన్ వాళ్లు ఎన్నుకున్నది మళ్లీ ఆ లివింగ్‌స్టన్‌నే. అదీ ఇండిపెండెంట్‌గా.

ఇస్తాంబుల్ కథ ఇంకా బాధాకరం. టర్కీ అధ్యక్షుడు ఎర్డొగాన్ రాజకీయంగా ఎదిగిందే ఆ నగరం నుంచి. 1994లో ఆయనే అక్కడ మేయర్. 2019 మార్చి 31న జరిగిన ఎన్నికలో ప్రతిపక్షానికి చెందిన ఎక్రెమ్ ఇమామొగ్లు సుమారు 13 వేల ఓట్ల తేడాతో మేయర్‌గా గెలిచాడు. ఎర్డొగాన్ పార్టీ ఫిర్యాదు చేసింది. కొన్ని పోలింగ్ కేంద్రాల్లో అధికారులు ప్రభుత్వ ఉద్యోగులు కారని చెప్పి మే 6న ఎన్నికల బోర్డు ఫలితాన్ని రద్దు చేసింది. ఓటర్లు మేయర్‌కీ, జిల్లా మేయర్‌కీ, కౌన్సిల్‌కీ వేసిన ఓట్లన్నీ ఒకే కవర్లో పెట్టి పెట్టెలో వేశారు. ఆ కవర్లోంచి మేయర్ ఓటు ఒక్కటే చెల్లలేదు, మిగతావన్నీ చెల్లాయి! ఎన్నికల డ్యూటీ చేసిన ఎవరినైనా అడగండి, ఇది ఎలా కుదురుతుందో చెప్పమని.

జూన్ 23న మళ్లీ పోలింగ్ జరిపితే ఇమామొగ్లు గెలిచిన 13 వేల తేడా కాస్తా 8 లక్షలైంది. 2024 మార్చిలోనూ ఆయనే గెలిచాడు. ఆ ఏడాది దేశవ్యాప్తంగా స్థానిక ఎన్నికల్లో ఎర్డొగాన్ పార్టీ రెండో స్థానానికి పడిపోయింది. 2025 మార్చిలో ఇమామొగ్లుని అవినీతి ఆరోపణల మీద అరెస్టు చేశారు. ఆయన ఆ ఆరోపణలను ఖండిస్తున్నాడు. నిజానిజాలు కోర్టులో తేలాలి. కానీ నగరం మూడుసార్లు ఎన్నుకున్న మనిషి జైలుకి వెళ్తే, ఓటు వేసినవాళ్లకి ఏమనిపిస్తుందో ఆలోచించండి.

అన్నిచోట్లా ఇంత రభస జరగదు. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో 2019 అక్టోబరులో అధికార పార్టీ బలపరిచిన మేయర్ ఓడిపోయాడు. మరుసటి ఏడాది కరోనా నిధి పేరు చెప్పి వాహన పన్నుని దేశంలోని స్థానిక సంస్థలన్నిటి నుంచీ ప్రభుత్వం తీసేసుకుంది. తర్వాత చిన్న సంస్థలు కట్టే స్థానిక వ్యాపార పన్నుని సగానికి కోసింది. కరోనా కష్టకాలం నిజమే. అయితే తగ్గింది మాత్రం స్థానిక సంస్థల రాబడి. ఇలాంటి వార్త ఎక్కడో లోపలి పేజీలో రెండు పేరాలుగా వచ్చి పోతుంది. ఎన్నికలకీ దానికీ ముడి ఉందేమోనని ఎవరూ అడగరు.

ఓటమిని గౌరవంగా తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్స్‌లో 2014 మార్చిలో అధికారంలో ఉన్న సోషలిస్టులు మున్సిపాలిటీలు పోగొట్టుకోగానే ప్రధాని మారాడు. స్పెయిన్‌లో 2023 మే 28న స్థానిక ఎన్నికల్లో దెబ్బ తిన్న ప్రధాని సాంచెజ్ మర్నాడే పార్లమెంటు ఎన్నికలు ప్రకటించి ప్రజల దగ్గరికే వెళ్లాడు. తైవాన్‌లో అప్పటి దేశాధ్యక్షురాలు సాయ్ ఇంగ్ వెన్ 2018లో ఒకసారి, 2022లో ఇంకోసారి, స్థానిక ఓటమి తేలిన రోజే పార్టీ అధ్యక్ష పదవికి రాజీనామా చేసింది. 2018 ఓటమి తర్వాత 2020లో దేశాధ్యక్ష ఎన్నికలో ఆమే 57 శాతం ఓట్లతో గెలిచింది. ఆ గెలుపుకి వేరే కారణాలూ ఉన్నాయి కానీ, ఓటమిని ఒప్పుకున్నంత మాత్రాన పార్టీ మునిగిపోలేదన్నది కళ్ల ముందున్న నిజం.

ఓటర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. నేను ఉద్యోగంలో ఉండగా చాలాసార్లు ఎన్నికల డ్యూటీ చేశాను. నాలుగు ఓట్ల తేడాతో వార్డు ఫలితం తేలిన కౌంటింగ్ హాల్లో కూర్చున్నాను. ఓడిన మనిషి మంచివాడని, పిలిస్తే పలుకుతాడని గెలిచినవాళ్ల ఏజెంట్లే అంటుంటే విన్నాను. అతన్ని ఓడించింది అతని పని కాదు. అతని పార్టీ మీద, ధరల మీద, పైనున్న నాయకుల మీద జనానికున్న కోపం. రాజనీతి శాస్త్రంలో వీటిని రెండో స్థాయి ఎన్నికలు అంటారు. ప్రభుత్వం పడిపోదన్న ధైర్యంతో జనం ఇక్కడ కోపం చూపిస్తారు, లేదా అసలు ఓటుకే రారు. ఇంగ్లండ్‌లో స్థానిక ఎన్నికలు విడిగా జరిగిన ఏడాది ఈమధ్య ఓటేస్తున్నది సుమారు మూడో వంతు మందే. కాబట్టి "స్థానిక అంశాలు" అనే నాయకుడి మాట కొంతవరకే నిజం. నిజంగా స్థానికమే అయితే ప్రచారానికి పైనాయకులంతా ఎందుకు దిగారు? గెలిచిన రోజున అది ప్రభుత్వ పథకాలకి ప్రజామోదం అని ఎందుకు చెప్పుకుంటారు?

మరి కోపం పైవాళ్ల మీదైనప్పుడు, శిక్ష కిందివాళ్లకి రెండుసార్లు పడకూడదు కదా. పనిచేసిన కౌన్సిలర్ సీటు పోవడం ఒకటి. నిధులాగి మురికికాలవలు, వీధిలైట్లు, మంచినీళ్లు పడకేయడం రెండోది. మొదటిదాన్ని ఎవరూ ఆపలేరు, అది ఓటరు ఇష్టం. రెండోదాన్ని ఆపడానికి పత్రికలు చాలా చేయగలవు.

నేను కోరేది చిన్న పని. ఈసారి ఎక్కడ అధికార పార్టీ ఓడినట్టు మీరు ఫలితాలు వేసినా, అందులో రెండుమూడు కౌన్సిళ్లని గుర్తు పెట్టుకోండి. ఎన్నికకి ముందు ఏడాది వాటికి పై నుంచి వచ్చిన గ్రాంటెంత, తర్వాతి ఏడాది వచ్చిందెంత, ఆగిన పనులేవి, కొత్తగా తీసుకున్న అధికారాలేవి అని విలేకరిని పంపి అడిగించండి. పక్కనే అధికార పార్టీ గెలిచిన కౌన్సిల్ అంకెలు కూడా వేయండి. ఏడాది తర్వాత, అదే తేదీన, "ఎదురుదెబ్బ" అని హెడ్డింగు పెట్టిన ఆ మొదటి పేజీలోనే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మీ పాఠకుడు