మొన విరిగిన బ్రాడ్‌హెడ్లు వెనక్కి పంపండి, తప్పు నాదే

పోయిన నెలలో నాకొక పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే మా దగ్గర కొన్న 190 గ్రెయిన్ల (సుమారు 12 గ్రాములు) రెండు బ్లేడ్ల బ్రాడ్‌హెడ్, అంటే వేట బాణం కొసకి బిగించే పదునైన తల, దానికి చుట్టిన కాగితం మీద నాలుగు మాటలు. పద్దెనిమిది గజాల నుంచి ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) మీద వేశారట. బాణం అనుకున్న చోటికి నాలుగు వేళ్లు ముందు పడి భుజం పలక ఎముకకి తగిలింది. రెండంగుళాలు దిగి ఆగిపోయింది. జంతువు పరుగెత్తింది, బాణం దారిలోనే ఊడి పడింది. రెండు రోజులు వెతికారు, దొరకలేదు. “గురి తప్పడం నా తప్పు. మొన మాత్రం మీది” అని రాసి ఊరుకున్నారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ ముక్కని టేబుల్ దీపం కింద పెట్టి చూశాను. కొసన నాలుగు మిల్లీమీటర్లు లేదు. వంగలేదు, ముడుచుకోలేదు, పుటుక్కున విరిగింది. విరిగిన చోట బూడిదరంగులో, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. రెండు వైపులా అంచులు మాత్రం ఇంకా చేతి మీద వెంట్రుకలు గొరిగేంత వాడిగానే ఉన్నాయి. నేను అమ్మేటప్పుడు గొప్పగా చెప్పుకున్నది ఆ పదును గురించే. అది నిలిచింది, మొన పోయింది.

ఇలా ఎందుకు జరిగిందో దాచకుండా చెప్తాను. అంతకుముందు మేం అమ్మిన తలల ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలు మీద 53 దగ్గర ఉండేది. “త్వరగా మొద్దుబారుతున్నాయి, ప్రతిసారీ ఆకురాయి పట్టుకోవాల్సి వస్తోంది” అని మీలో కొందరు అన్నారు. నేను ఆ మాట పట్టుకుని, హీట్ ట్రీట్‌మెంట్ చేసే వాళ్లకి 59 కావాలని రాసిచ్చాను. వాళ్లు అడిగిందే చేశారు. ఉక్కుని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ కాస్త వేడి చేస్తేనే, అంటే టెంపర్ చేస్తేనే, ఆ పెళుసుదనం తగ్గుతుంది. టెంపరింగ్ వేడి పెంచేకొద్దీ గట్టిదనం దిగుతుంది, దెబ్బ తట్టుకునే గుణం పెరుగుతుంది. ఉక్కు మీద ఎండుగడ్డి రంగు తేలే వేడి దగ్గర ఆపితే కత్తికి బాగుంటుంది. ఎముకని గుద్దుకోవాల్సిన సూదిమొనకి అది చాలదు. నాకు తెలియని సంగతేమీ కాదిది. వెంట్రుకలు గొరిగి చూపించడం తేలిక, అమ్మకానికి అది పనికొస్తుంది. ఎముక మీద పరీక్షించడం శ్రమ. అందుకే చెయ్యలేదు.

పార్సిల్ వచ్చాక చేశాను. మాంసం కొట్టు నుంచి పశువుల భుజం పలకలు తాజావి తెచ్చుకున్నాను. ఎండిన ఎముక తీరు వేరు, తాజా ఎముక తడిగా, సాగుతూ ఉండి మొనని పట్టుకుంటుంది. లాగడానికి 52 పౌండ్ల బలం పట్టే రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు), 620 గ్రెయిన్ల బాణం, పది గజాల దూరం. మొదట ఎముకని నిటారుగా పెట్టి వేశాను, 59 గట్టిదనం తల బాగానే దూసుకుపోయింది. పలకని సగం ఏటవాలుగా తిప్పాను. రెండో బాణానికే మొన ఎగిరిపోయింది. ఇంకో తల బ్లేడులో తేలిక కోసం చెక్కిన కిటికీ దగ్గర చీలింది. మూడోదాన్ని వేయాలనిపించలేదు. 54 గట్టిదనంతో, కిటికీలు లేకుండా, మొన దగ్గర ఉలిలా చెక్కిన నమూనా తల ఒకటి తయారీదారు పంపింది చాలా కాలంగా డ్రాయర్‌లో పడి ఉంది. అదే ఎముక మీద, అదే కోణంలో దాన్ని ఐదుసార్లు వేశాను. అంచు మీద చిన్న గంటు పడింది, అంతే. పది నిమిషాలు ఆకురాయి పడితే పోయింది.

మన విల్లుల సంగతి గుర్తు చేసుకుంటే ఇది ఎందుకింత ముఖ్యమో తెలుస్తుంది. 50 పౌండ్ల రికర్వ్ నుంచి 600 గ్రెయిన్ల బాణం సెకనుకు 170 అడుగుల వేగంతో వెళ్తే దాని శక్తి 38 ఫుట్‌పౌండ్లు, అంటే 52 జౌళ్లు. మంచి కాంపౌండ్ విల్లు (కప్పీలున్నది) దీనికి దాదాపు రెట్టింపు ఇస్తుంది. కాంపౌండ్ వాళ్లు తగిలినప్పుడు తెరుచుకునే మెకానికల్ తలలు వాడి నెగ్గుకు రాగలరు. మన దగ్గర అలా ఖర్చుపెట్టడానికి మిగులు లేదు. తగిలిన క్షణం నుంచే కోసే స్థిరమైన తల కావాలి. మొన వంగినా విరిగినా ఉన్న కాస్త శక్తీ ఎముకని తోసుకోవడానికే అయిపోతుంది.

దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో 1980లలో డాక్టర్ ఎడ్ ఆష్బీ పెద్ద జంతువుల మీద బాణాలు ఎంత లోతుగా దిగుతాయో పరీక్షించడం మొదలుపెట్టారు. లోతుకి కారణమయ్యే పన్నెండు అంశాల వరసలో ఆయన మొదట పెట్టింది మొత్తం బాణం ఎక్కడా చెడకుండా నిలవడం. రెండోది వంకర లేకుండా ఎగరడం. పదును, బరువు ఆ తర్వాతే. బాణం మొత్తం బరువు 650 గ్రెయిన్లు, అంటే 42 గ్రాములు దాటితే పెద్ద ఎముక దాటే అవకాశం బాగా పెరుగుతుందన్నది కూడా ఆయన చెప్పిందే. మీలో చాలామంది ఈ 650ని మాత్రమే గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తారు. మొదటి అంశం గురించి ఎవరూ అడగరు. అమ్మేవాణ్ణి, నేనూ మర్చిపోయాను.

ఇకపై మా దగ్గర ఉండబోయేవాటి గురించి చెప్తాను. 190 గ్రెయిన్ల కిటికీల తలలు ఆపేశాను, మిగిలిన పెట్టె అమ్మడం లేదు. కొత్తవి 52 నుంచి 55 మధ్య గట్టిదనంతో, నిండు బ్లేడుతో, ఉలిమొనతో వస్తాయి. పొడవు వెడల్పుకి దాదాపు మూడు రెట్లు ఉండేలా చూసుకున్నాను. వెడల్పు అంగుళం, పొడవు మూడంగుళాలు. సన్నగా పొడవుగా ఉన్న తల చీలికలా దిగుతుంది, పొట్టిగా వెడల్పుగా ఉన్నది పారలా అడ్డుపడుతుంది. చాలా చోట్ల చట్టం కనీసం 7/8 అంగుళం వెడల్పు అడుగుతుంది, అంతకన్నా సన్నవి తేలేదు. వెనక్కి తిరిగిన ముళ్లలాంటి అంచులు అనేక చోట్ల నిషేధం కాబట్టి బ్లేడు వెనుక భాగం వాలుగా ఉంటుంది. మీ చోటి నియమం మీరే చూసుకోవాలి. లైసెన్సు లేని వేటకి మేం ఏదీ పంపం.

ఉలిమొన గురించి ఒక మాట. సూదిలాంటి కొస చూడముచ్చటగా ఉంటుంది, తోలు ముందుగా కోస్తుంది. కానీ ఎముకకి వాలుగా తగిలినప్పుడు బలమంతా వెంట్రుకంత మందం ఉన్న చోట పడుతుంది. ఉక్కు మెత్తగా ఉంటే కొస గాలంలా వంగుతుంది, గట్టిగా ఉంటే ఎగిరిపోతుంది. రెండిట్లోనూ బాణం ఆగిపోతుంది. కొసని రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర ఉలిలా కట్ చేస్తే అక్కడ మందం వస్తుంది. పాత సూదిమొన తలలు మీ దగ్గర ఉంటే పారేయక్కర్లేదు. కొసని ఆకురాయితో కాస్త చదును చేసి మళ్లీ పదును పెట్టుకోండి. ఆ రెండు మిల్లీమీటర్లు పోయినందుకు బెంగ పడొద్దు.

సింగిల్ బెవెల్ కావాలా అని వారానికి పదిమంది అడుగుతారు. ఒకవైపే చెక్కిన అంచు దిగేటప్పుడు తిరుగుతుంది, ఎముకని చీల్చుతుంది. మంచి గుణమే. కుడివైపు బెవెల్ అయితే ఈకలు కూడా పక్షి కుడిరెక్కవి కావాలి, లేకపోతే గాల్లో ఒకవైపు తిరిగే బాణం లోపల ఎదురు తిరగాల్సి వస్తుంది. దాన్ని సానరాయి మీద 25 డిగ్రీల దగ్గర నిలకడగా పట్టుకోవడం చేతనైతే తీసుకోండి. చేతకాకపోతే రెండు వైపులా చెక్కినదే నయం, వాడిగా ఉన్న మామూలు అంచు మొద్దుబారిన గొప్ప అంచుని ఎప్పుడైనా మించుతుంది. మూడు బ్లేడ్ల ఒకే ముక్క తలలు కూడా ఉంచుతున్నాను. రెండు బ్లేడ్లని ఒకేసారి ఆకురాయి మీద చదునుగా పెట్టి రుద్దితే పదును వస్తుంది, నేర్చుకోవడం తేలిక. జింకకి చాలా బాగుంటాయి. ఎల్క్, దానికన్నా పెద్దదైన మూస్, మెడభుజాల మీద గట్టి కవచంలాంటి చర్మం ఉన్న ముదురు అడవిపంది అంటే మాత్రం నేను రెండు బ్లేడ్లవే ఇస్తాను, వాదించినా సరే.

తల ఎంత గట్టిదైనా దాని వెనక ఉన్నది మెత్తదైతే లాభం లేదు. తిరిగొచ్చిన తలల్లో రెండింటికి బ్లేడు చెక్కుచెదరలేదు, తలని బాణానికి బిగించే అల్యూమినియం స్క్రూ అడాప్టర్ మెడ దగ్గర వంగింది. వాటి మీద నాకు ఫిర్యాదు వచ్చింది “బ్రాడ్‌హెడ్ వంగింది” అనే. ఉక్కు అడాప్టర్ వాడండి. కార్బన్ షాఫ్ట్ (బాణం కర్ర) అయితే ముందు కొస పగలకుండా బయటి నుంచి ఒక చిన్న లోహపు కాలర్ తొడగండి. చెక్క బాణం వాడేవాళ్లకి కొసన చెక్కిన 5 డిగ్రీల టేపర్ (వాలు) సరిగ్గా అతికిందా లేదా అన్నదే ప్రాణం, తల లోపల ఖాళీ ఉంటే దెబ్బ తగిలినప్పుడు చెక్క చీలుతుంది.

జిగురు దగ్గర నేను పదేళ్లుగా చెప్తున్నదే మళ్లీ చెప్తాను. హాట్‌మెల్ట్ జిగురు కరిగించడానికి గ్యాస్ మంట తీసుకెళ్లి నేరుగా బ్లేడు మీద పెట్టొద్దు. ఉక్కు మీద గోధుమ, ఊదా, నీలం రంగులు తేలాయంటే అక్కడ టెంపర్ మారిపోయినట్టే. నీలం దాకా వెళ్లిందంటే దాదాపు 300 డిగ్రీలు. పదునైన అంచు మెత్తబడి పోతుంది, మీరు మాత్రం రంగు బాగుందనుకుంటారు. జిగురుని వేడి చేసి అడాప్టర్‌కి పట్టించండి, తలని వేడినీళ్లలోనో మంటకి కాస్త దూరంగానో చేత్తో పట్టుకోగలిగేంత వేడి చెయ్యండి, చాలు. బిగించాక మొనని గోరు మీద ఆనించి బాణాన్ని గిర్రున తిప్పండి. గోరుకి వణుకు తెలిస్తే మళ్లీ వేడి చేసి సరిచెయ్యండి. వణుకు ఉన్న బాణం ఎముకని వంకరగా కొడుతుంది, అప్పుడు ఎంత గట్టి మొనైనా పక్క దెబ్బ తినాల్సిందే.

అందుకే ఇంకో కొత్త పద్ధతి పెట్టాను, కొందరికి నచ్చకపోవచ్చు. 125 గ్రెయిన్ల తల నుంచి 200, 250కి మారతామన్నవాళ్లని విల్లు లాగడానికి పట్టే బరువు, లాగే పొడవు, షాఫ్ట్ బిగువు అడుగుతాను. ముందు బరువు పెరిగితే షాఫ్ట్ ఎక్కువ వంగుతుంది, పాత షాఫ్ట్ సరిపోకపోవచ్చు. ఆ వివరాలు చెప్పకపోతే బరువు తలలు పంపను. ఈకలు లేని బాణం ఒకటి, ఈకలున్నవి మూడు ఒకే గుర్తుకి వేసి అన్నీ దగ్గరగా పడుతున్నాయని చూసుకున్నాకే బ్రాడ్‌హెడ్ బిగించండి.

కొత్త ఉక్కు తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ కాదు. అంచు మీద వేజిలీన్ సన్నగా రాసి ఉంచండి. అమ్ములపొది అడుగున స్పాంజి తడిగా ఉంటే ఒక్క రాత్రిలో గోధుమ మచ్చలు వస్తాయి. వేటకి ముందు రబ్బరు బ్యాండు వదులుగా సాగదీసి అంచు ఆనించి లాగండి, పట్టుకోకుండా తెగాలి. బురద పట్టిన పంది తోలు మీద వేసిన తలని తుడిచేసి మళ్లీ వాడొద్దు, ఇసుక అంచుని కొరికి ఉంటుంది.

ఇక మార్పిడి సంగతి. పోయిన సీజన్లో కొన్న 190 గ్రెయిన్ల కిటికీల తలలన్నీ, వాడినవైనా వాడనివైనా, వెనక్కి తీసుకుంటాను. విరిగితేనే అని కాదు. బిల్లు అక్కర్లేదు, తలని చూస్తే నాకు తెలుస్తుంది. అనుమానం ఉంటే అంచు మీద కొత్త ఆకురాయి పెట్టి తోయండి. సరిగ్గా కొరకకుండా జారుతుంటే అదే సరుకై ఉండొచ్చు. వంటింటి ఓవెన్‌లో మళ్లీ టెంపర్ చేసుకుంటాం అని ఇద్దరు అడిగారు. మామూలు ఓవెన్ 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, మనకి కావలసింది 300 పైన, పైగా లోపలంతా సమానంగా ఉండాలి. పంపేయండి. కొత్తవి తయారై రావడానికి ఆరు వారాలు పట్టేలా ఉంది. ప్రతి పెట్టెలోంచీ రెండు తీసి ఏటవాలు ఎముక మీద వేశాకే మిగతావి కదుల్తాయి, అందువల్ల ఇంకో వారం ఆలస్యం కావచ్చు. ఈ సీజన్‌కి అందకపోతే డబ్బు వాపసు అడగండి, మారుమాట లేకుండా ఇస్తాను.

పంపేటప్పుడు మాత్రం కాగితంలో చుట్టి కవర్లో పెట్టొద్దు. రెండు అట్టముక్కల మధ్య పెట్టి టేపు చుట్టండి. మొన్న ఒకటి కవరు చీల్చుకుని బయటికొచ్చి పోస్టు తెచ్చినాయన వేలు కోసింది. మొన లేని తల అది.