పని దొరుకుతుందే, కానీ ఏ పని అన్నదే ముచ్చట

ఏమే దోస్తూ,

నీ మెసేజ్‌కి ఫోన్‌లోనే జవాబు పెడదామనుకున్నా. నాలుగు లైన్లు కొట్టేసరికి ఇది అట్ల తెగే ముచ్చట కాదని అర్థమైంది. మెంటల్ హెల్త్ నర్సింగ్ పుస్తకం మూసి పక్కన పెట్టి, కాగితం ముందేసుకుని కూర్చున్నా. రేపు క్లాసులో మేడమ్ ప్రశ్న అడిగితే నీ పేరే చెప్తా.

చదువుకుంటూనే ఆసుపత్రిలో ఏదైనా పని దొరుకుతుందా అని అడిగావు. ఎందుకు దొరకదు? మీ మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా, మా నల్లగొండ రామగిరిలోనైనా నర్సింగ్ చదివే పిల్ల వచ్చి పని అడిగితే వద్దనేవాళ్లు తక్కువ. ఆ వద్దనకపోవడమే అసలు సమస్య.

నేను మొదట అడిగిన చోట ఏమైందో విను. ఊరు పేరు, ఆసుపత్రి పేరు వదిలెయ్. అక్కడి మేనేజర్ సారు నా సర్టిఫికెట్లు చూడలేదు, ఎక్కడి దానివని కూడా అడగలేదు. "ఏ ఇయరమ్మా? సెలైన్‌కి నరంలో క్యాన్యులా పెట్టడం వచ్చా? నైట్ చేస్తావా?" అంతే. థర్డ్ ఇయర్ అనగానే "సరే, రేపట్నుంచి ఐసీయూలో నైట్‌కి వచ్చెయ్" అన్నాడు. జీతం చెప్పాడు చూడూ, ఆయమ్మకిచ్చేదానికంటే కొంచెం ఎక్కువ, స్టాఫ్ నర్సుకిచ్చేదాంట్లో సగం. రాసిచ్చే కాగితం ఏమీ లేదు. నేను ఆలోచించి చెప్తానని బయటికొచ్చి మళ్లీ అటు పోలేదు.

మనం కోర్సు పాసై, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు ఎక్కించుకున్నాకే నర్సులం. అప్పటిదాకా క్లినికల్స్ అని వార్డుల్లో ట్రైనింగ్‌కి పోయి ఇంజెక్షన్ ఇచ్చినా మన పక్కన మేడమో, వార్డు సిస్టరో నిలబడి ఉంటారు. ఆ మనిషి లేకుండా అర్ధరాత్రి ఒక్కదాన్నే పేషెంట్ల మధ్య వదిలేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు కేస్ షీట్‌లో సంతకం ఎవరిదో ఉంటుంది, నింద మాత్రం నీ మీదికొస్తుంది. పేరు సిస్టర్, జీతం స్టూడెంట్‌ది, బాధ్యత పూర్తిగా నీది. ఈ బేరం ఎవరికి లాభమో చెప్పనక్కర్లేదు కదా.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: పెద్ద పేరున్న పని అడగకు, చిన్న పేరున్న పని అడుగు. వార్డు అసిస్టెంట్ అను, అటెండర్ అను, ఆయా పనే అను. ఏ పని చేయాలో, ఏది ముట్టుకోకూడదో తేటగా ఉండే పనైతే చాలు.

ఇక టైమ్ సంగతి. నీది జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా, నాది బీఎస్సీ నర్సింగ్, అయినా హాజరు లెక్క ఇద్దరికీ ఒకటే. థియరీలో 80 శాతం ఉండాలి, ప్రాక్టికల్స్ మాత్రం 100 శాతం పూర్తి చేయాల్సిందే. తప్పిన క్లినికల్స్ తర్వాతైనా చేసి తీరాలి. నైట్ డ్యూటీ చాలాచోట్ల రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. దిగేసరికి ఇక్కడ క్లినికల్స్ బస్సు కదులుతుంటుంది. మా బ్యాచ్‌లో ఒక పిల్ల అట్లనే చేసి, పెద్దాసుపత్రి వార్డులో బీపీ చూస్తూ చూస్తూ నిలబడే తూలింది. పేషెంట్ చెయ్యి పట్టుకుని ఆపాడు పాపం, తనకే బీపీ ఎక్కువుండి చేరినోడు!

నాకు ఇప్పుడున్న పని ఎట్లా దొరికిందో కూడా చెప్తా, నీకు పనికొస్తుంది. రిసెప్షన్‌లో అడిగితే మేనేజర్ దగ్గరికి పంపిస్తారు. మేనేజర్‌కి కావాల్సింది చవకలో ఒక నర్సు. హెడ్ సిస్టర్‌ని అడిగితే మాత్రం లెక్క వేరే. ఆమెకు కావాల్సింది సాయంత్రం పూట ఒక చేతి సాయం. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది మధ్యలో ఏ ప్రైవేటు ఆసుపత్రికైనా పోయి చూడు, డిశ్చార్జ్‌లు అప్పుడే, ఊళ్ల నుంచి చూడ్డానికొచ్చే చుట్టాలు అప్పుడే, డాక్టర్ రౌండ్స్ అప్పుడే, డ్యూటీ మారేదీ అప్పుడే. మనకు కాలేజీ అయిపోయేదీ అప్పుడే. కాబట్టి మధ్యాహ్నం మూడింటికి, వార్డు కొంచెం నెమ్మదించినప్పుడు పోయి, సిస్టర్‌ని "అక్కా, సాయంత్రం నాలుగు గంటలు హెల్పర్‌గా చేస్తా, ఇంజెక్షన్లు మాత్రం చేయను" అని అడిగెయ్. రెండో మాట మొదటి రోజే అనాలి. తర్వాత అంటే మొహమాటం అడ్డమొస్తుంది.

నేను చేసేదేంటంటావా? బెడ్ వేయడం, పేషెంట్‌ని స్ట్రెచర్ మీద ఎక్స్‌రేకి తీసుకుపోవడం, బెడ్‌పాన్, మూత్రం పట్టే యూరోబ్యాగ్ ఖాళీ చేసి ఎంత వచ్చిందో సిస్టర్‌కి చెప్పడం, రిపోర్టులు తేవడం, అన్నం తినిపించడం. నాన్నకు ఇది తెలిసినప్పుడు "చదువుకోబోయి ఆయా పని ఏంది బిడ్డా" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. అమ్మ మాత్రం "పైసలు దొంగతనం చేస్తలేదు కదా" అంది. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాన్న "మా బిడ్డ ఆసుపత్రిల చేస్తది" అని అక్కడితో ఆపుతాడు. ఆపనీ.

ఇందులో నేర్చుకునేది ఏముంటుంది అని నువ్వూ అనుకుంటున్నావని నాకు తెలుసు. మొన్న మర్రిగూడ దిక్కు నుంచి ఒక తాత వచ్చాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి వెన్ను కర్రలా బిగిసిపోయింది. మెడ తిప్పాలన్నా ఒళ్లంతా తిరగాల్సిందే. జ్వరంతో చేరాడు, మంచం దిగలేడు. పడక పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలని మనం పరీక్షల్లో ఎన్నిసార్లు రాశామో కదా. నేను పుస్తకంలో ఉన్నట్టే భుజం దగ్గర ఒక చెయ్యి, నడుము దగ్గర ఒక చెయ్యి వేయబోయా. వార్డు ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ముందు తాత మొహంలోకి వంగి, "తాతా, ఏ పక్కకు తిరిగితే నొప్పి తక్కువ?" అని అడిగింది. ఆయన కళ్లతోనే ఎడమ వైపు చూపించాడు. ఇద్దరం నడుము కింద పరిచిన డ్రా షీట్ రెండు వైపులా చుట్టి పట్టుకుని, మనిషిని విరవకుండా మొత్తంగా ఒక్కసారే తిప్పాం. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఇంకో దిండు. మోకాళ్ల మధ్య దిండు మనం డయాగ్రమ్‌లో గీస్తాం. అది తీసేస్తే మనిషి ఎట్లా మూలుగుతాడో డయాగ్రమ్‌లో వినిపించదు కదా.

ఒక్క ఇబ్బంది చెప్తా. పేషెంట్ల వెంట వచ్చినోళ్లకు తెల్ల బట్టలైనా, నీలం బట్టలైనా ఆడపిల్ల కనిపిస్తే సిస్టరే. సెలైన్ అయిపోయి ట్యూబ్‌లోకి రక్తం ఎక్కుతుంటే "సిస్టర్, సిస్టర్" అని కొంగు పట్టుకున్నంత పని చేస్తారు. ట్యూబ్ మీది రోలర్ తిప్పితే అయిపోతుంది, మన చెయ్యి ఊరుకోదు. కానీ సెలైన్ జోలికి పోనని హెడ్ సిస్టర్‌తో ముందే ఒప్పుకున్నా. కాబట్టి పరుగెత్తుకుపోయి సిస్టర్‌ని పిలుచుకొస్తా. "నీకు రాదా?" అని ఒకాయన వెటకారం చేశాడు. వచ్చు సార్ అని మనసులో అనుకుని ఊరుకున్నా. అన్నట్టు, కాలేజీ యూనిఫాం వేసుకుని మాత్రం ఈ పనికి పోకు.

వార్డు పని వద్దనుకుంటే వేరేవీ ఉన్నాయి. రికార్డుల రూమ్‌లో కేస్ షీట్లు సర్దే పని ఒళ్లు నొప్పి లేని పని, డాక్టర్ల చేతిరాత చదవడం వచ్చేస్తుంది. ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర కాగితాలు స్కాన్ చేసే పని కూడా మంచిదే. 2007లో ఆ పథకం మొదలైన మొదటి మూడు జిల్లాల్లో మీ మహబూబ్‌నగర్ ఒకటి, కాబట్టి మీ దగ్గర రేషన్ కార్డు పట్టుకుని వచ్చే ముసలోళ్లకు కూడా ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలుసు. నీకంటే వాళ్లే నేర్పుతారు. ఇళ్లల్లో ముసలోళ్లను చూసుకునే ఏజెన్సీ పని మాత్రం వద్దే. హైదరాబాద్‌లో ఉంచుతారు, ఇరవై నాలుగు గంటలు అంటారు, ఏదైనా అయితే అడగడానికి పక్కన సిస్టర్ కూడా ఉండదు.

ఎక్కడ చేరినా చేరే ముందు హెపటైటిస్ బి టీకా సంగతి చూసుకో. మూడు డోసులు, మొదటిది వేయించుకున్న నెలకు ఒకటి, ఆరో నెలలో ఇంకొకటి. కాలేజీలో వేశారు గదా అని వదిలెయ్యకు, మూడోది ఎగ్గొట్టిన బ్యాచ్‌లు మనవి. సూది మనం పట్టకపోయినా సూది మనల్ని పట్టుకుంటుంది. బెడ్ షీట్ మడతలో, చెత్త కవర్లో ఎక్కడైనా ఉండొచ్చు. తెల్ల డబ్బాలో పడాల్సిన సూది పసుపు కవర్లో నాకు రెండు మూడుసార్లు కనిపించింది. ఆ పసుపు కవర్లోనే పేషెంట్ల వెంట వచ్చినోళ్లు బిస్కెట్ ప్యాకెట్లు, అరటి తొక్కలు వేస్తారు, అది వేరే కథ. గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే సిస్టర్‌కి చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారేమో అని దాచిపెట్టే టైమ్ కాదది. ఇట్లాంటిది జరిగితే ఇక్కడ ఏం చేస్తారని చేరేటప్పుడే అడుగు. మొహమొహాలు చూసుకున్నారంటే అక్కడ చేరకు.

పైసల గురించి పెద్దగా ఆశ పెట్టుకోకు. మెస్ బిల్లు, ఫోన్ రీఛార్జ్, పరీక్ష ఫీజుకి కొంచెం వస్తుంది. ఇంటికి పంపేంత రాదు. చేతికి కాకుండా బ్యాంకులో వేయమను, నెల ఆఖర్లో "సారు ఊళ్లో లేడు" అనే కథలు తగ్గుతాయి. పరీక్షల నెలలో సెలవు ఇస్తారా అన్నది కూడా ముందే తేల్చుకో. హాస్టల్ వార్డెన్‌ని ఒప్పించడానికి హెడ్ సిస్టర్‌తో ఒక కాగితం మీద టైమింగ్స్ రాయించుకున్నా నేను. స్టాంప్ చూడగానే మా వార్డెన్ గొంతు మారింది.

పనికి పోయొచ్చే ఖర్చు గురించి నువ్వు రాసింది చదివి నవ్వొచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మన ఆడోళ్లకు బస్సు ఫ్రీయే కదనే పిచ్చిదానా. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. జడ్చర్లలో ఉన్న ఆసుపత్రి అయినా నీకు దూరం కాదు. కాకపోతే రాత్రి తొమ్మిది తర్వాత పల్లెవెలుగు బస్సులు పలచబడతాయి, దిగాక హాస్టల్ దాకా నడవాల్సిన దారిలో లైట్లు ఉన్నాయో లేవో పగలు కాదు, రాత్రి పోయి చూసుకో.

నీ క్లినికల్ టైమ్ టేబుల్ ఫోటో తీసి పంపు. ఏ వారాల్లో సాయంత్రాలు ఖాళీ ఉన్నాయో చూసి, హెడ్ సిస్టర్‌తో ఏం మాట్లాడాలో ఇద్దరం కలిసి అనుకుందాం. లేకపోతే ఒక ఆదివారం కల్వకుర్తి, దేవరకొండ మీదుగా బస్సెక్కి వచ్చెయ్, మా హెడ్ సిస్టర్‌నే కలిపిస్తా. మనిషి పైకి కోపంగా కనిపిస్తుంది, చాయ్ తాగే టైమ్‌లో అడిగితే అన్నీ చెప్తుంది.

వచ్చేటప్పుడు నా ఫార్మకాలజీ నోట్స్ తీసుకురా. తీసుకుపోయి ఎన్నాళ్లైందో నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం బాగా గుర్తుంది.

నీ సోపతి